మండలి కుక్క

మా కంకిపురం నగరం ప్రాంతీయ ప్రజారోగ్య మండలి నుంచి తప్పుకోవడానికి కారణం ఒక రాయి.

మండలి అంటే మా నగరమూ, చుట్టుపక్కల పల్లెలూ కలిసి పెట్టుకున్న ఏర్పాటు. దోమల మందు, నీళ్ళ పరీక్ష, పిల్లల టీకాలు, వీధి కుక్కల ఆపరేషన్లు, కుక్క కరిస్తే వేసే సూదులు అన్నీ దాని పనే. ఆఫీసు, ఆసుపత్రి కాలవకు అవతల ఈదులమడలో ఉన్నాయి. వంతెన దాటితే మా నగరం హద్దు అయిపోతుంది. అక్కడ టీకా మందులు చల్లగా దాచే గది ఒకటి కట్టి, గోడకు శిలాఫలకం పెట్టారు. మా మేయరు చెన్నకేశవులు గారు ఆ సభకు ఆలస్యంగా వెళ్ళారు. అప్పటికే తెర తీశారు. ఆయన రాయి ముందు నిలబడి పైనుంచి కిందికి చదివారు. మళ్ళీ కిందినుంచి పైకి చదివారు. వెంట వెళ్ళిన పి.ఏ. కూడా వెతికాడు. చివరి వరుస మీద వేలు పెట్టి, "ఇక్కడున్నారు సార్" అన్నాడు.

అక్కడ "తదితరులు" అని ఉంది.

ఆ పి.ఏ. ఇప్పుడు చెత్త బండ్ల దగ్గర పనిచేస్తున్నాడు.

నగరపాలక సంస్థ అత్యవసర సమావేశం పెట్టింది. మా వీధి కుళాయి సంగతి అడుగుదామని నేనూ వెళ్ళాను. కుళాయి ఎజెండాలో లేదు. మేయరు గారు లేచారు.

"ఇది నా పేరుకు జరిగిన అవమానం కాదు. నాకు పేరు మీద మమకారం లేదు. ఇది నగర ప్రజలందరి పేరుకూ జరిగిన అవమానం. అందరి పేర్లూ రాతి మీద చెక్కడం కుదరదు కాబట్టే కదా, ప్రజలు నన్ను ఎన్నుకున్నారు!"

సభ్యులు బల్లలు చరిచారు. ప్రతిపక్షం వాకౌట్ చేసింది. మండలి నుంచి తప్పుకోవాలని తామే ముందు అనుకున్నామనీ, ఆ ఘనతను మేయరు కొట్టేశారనీ వాళ్ళ బాధ. తీర్మానం చదివారు. "కంకిపురము నేటినుండి ఆరోగ్యపరముగా స్వతంత్రము. మండలికి చెందినది ఏదియు నగర పరిధిలో ఉండరాదు. అట్టివాటిని సగౌరవముగా వాపసు చేయవలెను."

వాపసు చేయడానికి స్వతంత్ర ఆరోగ్య ప్రత్యేకాధికారి అని ఒక ఉద్యోగం పుట్టింది. అందులో దశరథరామయ్యను వేశారు. ఆయన అప్పటిదాకా ఇంటి పన్ను విభాగంలో ఉన్నాడు. ఏది ఎవరిదో, ఎవరి హద్దులో ఉందో చూడటం తప్ప ఆయనకు వేరే పని రాదు. నిజాయితీపరుడు. రూలు ఎంతవరకు ఉంటే అంతవరకు వెళ్తాడు.

మొదట దోమలకు పొగ కొట్టే బండి వెళ్ళింది. తర్వాత బ్లీచింగ్ పౌడరు డ్రమ్ములు వెళ్ళాయి. కాలవల పక్కన అప్పటికే చల్లిన పౌడరును ఊడ్చి పంపాలా వద్దా అని దశరథరామయ్య కమిషనరును అడిగాడు. తర్వాత చేపల వంతు వచ్చింది. దోమ పిల్లలను తింటాయని మండలి వాళ్ళు నగరంలో బావుల్లోనూ కుంటల్లోనూ చిన్న చేపలు వదిలారు. వాటిని వల వేసి పట్టి, బిందెల్లో పోసి వంతెన దాటించారు. నగరంలో పుట్టిన చేపలను మాత్రం ఉంచుకోవచ్చా అని తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం కూర్చునేలోపు ఆ చేపలు బిందెల్లో చచ్చిపోయాయి. దోమలు పెరిగాయి. దోమలు మండలివి కావని దశరథరామయ్య ధ్రువీకరించాడు.

పిల్లలకు వేసిన పోలియో చుక్కల మీద పెద్ద చర్చే జరిగింది. లోపలికి పోయినదాన్ని వాపసు అడిగే హక్కు మండలికి లేదని ప్లీడరు సలహా ఇచ్చాడు. దాంతో పిల్లలు మిగిలారు.

ఆ తర్వాత ఆయన దృష్టి కుక్కల మీద పడింది.

మండలి వాళ్ళు వీధి కుక్కను పట్టుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, పిచ్చి పట్టకుండా టీకా వేసి, ఎడమ చెవి కొన కొంచెం కత్తిరించి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదులుతారు. పనైపోయిన కుక్క అని తెలియడానికి ఆ గుర్తు. దశరథరామయ్య దాన్ని ముద్ర అన్నాడు. ముద్ర ఉన్న కుక్క మండలి ఆస్తి. ముద్ర లేనిది నగరానిది. నగరం కుక్కకు స్వతంత్ర శునకం అని పేరు పెట్టారు.

మా గుమ్మంలో ఒక కుక్క ఉండేది. ఒక మంగళవారం వానలో తడిసి అరుగెక్కిందని నా భార్య అనసూయ దానికి మంగ అని పేరు పెట్టింది. నాకు కుక్కలంటే ఇష్టం లేదు. మండలి బండి వచ్చినప్పుడు అనసూయే దాన్ని ఎత్తుకెళ్ళి ఎక్కించింది. తనే వెళ్ళి వెనక్కి తెచ్చుకుంది. చెవికి పసుపు పెట్టింది. తర్వాత అనసూయ పోయింది. మంగ గుమ్మంలోనే ఉండిపోయింది. పొద్దున నేను తలుపు తీస్తే, నా వెనక ఇంకెవరైనా వస్తారేమోనని లోపలికి చూసేది. కాసేపు చూసి పడుకునేది. మర్నాడు మళ్ళీ చూసేది. ఆ ఇంట్లో ఆ పని చేసేవాళ్ళం మేమిద్దరమే.

దశరథరామయ్య వల మనుషులతో వచ్చాడు. వెంట బాలకోటయ్య ఉన్నాడు. మా వార్డు కార్పొరేటరు సీతామహాలక్ష్మి గారు. ఆమెను నేను ఫ్లెక్సీల మీద తప్ప చూడలేదు. ఆమె భర్త బాలకోటయ్య మాకు కార్పొరేటరు.

"ఈ శునకము మీ అధీనములో ఉన్నదా?" అన్నాడు దశరథరామయ్య.

"గుమ్మంలో ఉంది."

"ఎడమ చెవి పరిశీలించవలసి ఉన్నది."

"చూసుకోండి. అది కరవదు."

ఆయన వంగి చెవి మడిచి చూశాడు. "మండలి ఆస్తి. తీర్మానము ప్రకారము వాపసు."

"చెవి ముక్క మండలి వాళ్ళు అప్పుడే తీసేసుకున్నారు. మిగిలిన కుక్క మాది" అన్నాను.

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ముక్క లేకపోవడమే ముద్ర. లేని భాగము వలన ఉన్న భాగము కూడా మండలిదే అగును."

"పెద్దాయనా, వీధి కుక్క కోసం ఇంత పట్టుదలేంటి?" అన్నాడు బాలకోటయ్య. "మనకి స్వతంత్ర కుక్కలు బోలెడున్నయ్. మంచిది చూసి నేనే ఒకటి పంపిస్తాలే."

మా పక్క వాటాలో హుస్సేన్‌బీ ఉంటుంది. సందు చివర ఆమెకు బజ్జీల బండి ఉంది. పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

"ఏమయ్యా బాలకోటయ్యా, ఓట్లప్పుడు ఈ గుమ్మంలో కుక్కక్కూడా దణ్ణం పెట్టి పోయావే! అప్పుడు కనపళ్ళేదా దీని చెవి?"

"నువ్వుండమ్మా. ఇది పాలసీ."

"అనసూయక్క పెంచిన కుక్కయ్యా ఇది. నోట్లో చెయ్యి పెట్టినా కరవదు. నీ పాలసీ కరుస్తదేమోగానీ ఇది కరవదు."

వల వేశారు. మంగ పెనుగులాడలేదు. బండి ఎక్కాక గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఇదివరకు ఇలాంటి బండే ఎక్కినప్పుడు అనసూయ వెళ్ళి తెచ్చుకుంది. అందుకే భయపడలేదనుకుంటాను.

కుక్కలను బ్యాండు మేళంతో వంతెన దాకా తీసుకెళ్ళారు. అవతల మండలి డాక్టరు నిలబడి ఉన్నాడు. ఆయనా తక్కువవాడు కాదు. "మండలి కుక్కలకు చికిత్స చేయును. కుక్కలను స్వీకరించుటకు మండలి వద్ద విధివిధానములు లేవు" అన్నాడు. స్వీకరించకపోయినా వాపసు వాపసేనని దశరథరామయ్య వాటిని అవతలి ఒడ్డున దింపించాడు. బ్యాండు ఆగగానే కుక్కలన్నీ లేచి, వచ్చిన దారినే ఇళ్ళకు బయల్దేరాయి.

అందుకని వంతెన మీద అడ్డకర్ర పెట్టారు. పక్కన చిన్న గుడిసె వేసి "చెవి తనిఖీ కేంద్రం" అని బోర్డు కట్టారు. కోటిలింగం అనే పారిశుధ్య కార్మికుణ్ణి అక్కడ కూర్చోబెట్టారు. ఆ పని చూడటానికి వెళ్ళినందుకు వీధులు ఊడవడానికి మనిషి తక్కువయ్యాడు.

నేను సాయంత్రం పూట గిన్నెలో పెరుగన్నం కలుపుకొని వంతెన దాటేవాణ్ణి. మంగ అడ్డకర్రకు అవతల కూర్చుని ఉండేది. తినేది. నేను తిరిగి వస్తుంటే కర్ర దాకా వచ్చి ఆగేది. కర్ర అంటే ఏమిటో దానికి తెలిసిపోయింది. మనుషులకైతే ఇంకొంత కాలం పట్టేది.

"నా చెవులు చూడవా కోటిలింగం?" అని ఒకరోజు అడిగాను.

"మనుషులవి చూడమన్లేదు బాబాయ్. నన్నేం చెయ్యమంటావు? కర్ర ఎత్తితే నా ఉద్యోగం పోద్ది. దానికి నేనూ రెండు రొట్టెలు ఏస్తన్నాలే."

ఈలోగా నగరంలో జ్వరాలు మొదలయ్యాయి. స్వతంత్ర ఆరోగ్య కేంద్రంలో రిబ్బను కత్తిరించారు కానీ మాత్రలు ఇంకా రాలేదు. జనం వంతెన దాటి మండలి ఆసుపత్రికి వెళ్ళి మాత్రలు తెచ్చుకుంటున్నారు. ఇది మేయరు గారి మనసును గాయపరిచింది. కుక్కల సంగతి కూడా పాత తీర్మానంలోంచి తీసి ఇందులోనే కలుపుతూ ఇంకో తీర్మానం వచ్చింది. "మండలి మందు పొందిన కుక్కలుగానీ, పౌరులుగానీ నగర పరిధిలోనికి అనుమతింపబడరు." కుక్కలనూ పౌరులనూ ఒకే వాక్యంలో ఎందుకు పెట్టారని ఒక విలేకరి అడిగాడట. కాగితం పొదుపు అన్నారట. ఆ రోజు నుంచి వంతెన మీద వచ్చేవాళ్ళంతా చుట్టాలింటికి వెళ్ళి వస్తున్నామని కోటిలింగంతో చెప్పేవాళ్ళు. కంకిపురం వాళ్ళకు ఈదులమడలో అంతమంది చుట్టాలున్నారని అప్పుడే తెలిసింది.

మా వీధుల్లో చెవి కత్తిరించిన కుక్కలు పోయాక చోటు ఖాళీ అయింది. ఖాళీ చోటు కుక్కలకు వెంటనే తెలుస్తుంది. చెత్త దిబ్బల దగ్గరనుంచి, మాంసం కొట్ల వెనకనుంచి కొత్తవి వచ్చాయి. వాటికి చెవులు నిండుగా ఉన్నాయి. టీకా లేదు, ఆపరేషను లేదు, ఎవరి అరుగూ తెలియదు. వాటిని చూసి మేయరు గారు సంతోషించారు. మండలి చెయ్యి తగలని కుక్కలు మన దగ్గరికి తమంత తామే వలస వస్తున్నాయని పత్రికలకు చెప్పారు. స్వతంత్ర శునకానికి పౌర సన్మానం చేయాలని నిర్ణయించారు.

సన్మానం మా సందు చివరే పెట్టారు. వేదిక, షామియానా, కుర్చీలు. ఎవరి పేరూ తదితరుల్లో పడకుండా ఫ్లెక్సీని నాలుగిళ్ళ పొడుగున వేశారు. వెనక మా కిటికీలు మూసుకుపోయాయి. పసుపు రంగు కుక్కనొకదాన్ని తాడు కట్టి వేదిక ఎక్కించారు. అది బెదురు చూపులు చూస్తోంది. మెడలో బంతిపూల దండ వేశారు. బాలకోటయ్య దాన్ని ముందుకాళ్ళ దగ్గర పట్టుకున్నాడు. మేయరు గారు శాలువా కప్పారు. అదే క్షణంలో అభిమానులు టపాకాయల పేట అంటించారు.

కుక్క మేయరు గారి మణికట్టు పట్టుకుంది. తర్వాత బాలకోటయ్య మోచెయ్యి. ఆ గందరగోళంలోనూ ముద్ర లేదని ఇంకోసారి నిర్ధారించుకుందామని చెవి దగ్గరికి వంగిన దశరథరామయ్య అరచెయ్యి. ఆ తర్వాత శాలువాతో సహా వేదిక దూకి, బజ్జీల బండి కిందికి దూరి, హుస్సేన్‌బీ పిక్క పట్టుకుని వదిలి, శాలువాతోనే పారిపోయింది.

సాయంత్రానికి ప్రకటన వెలువడింది. "సన్మాన గ్రహీత భావోద్వేగమునకు లోనై ప్రముఖులను ఆప్యాయముగా పలకరించినది."

మర్నాడు పొద్దున హుస్సేన్‌బీని స్వతంత్ర ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. దశరథరామయ్య కుర్చీలో ఉన్నాడు. ఒక చెయ్యి బల్ల కింద పెట్టుకున్నాడు.

"ఆ శునకము ఎవరినీ కరవలేదని ప్రకటన వెలువడినది" అన్నాడు.

"మరి ఇదేంది సారూ?" హుస్సేన్‌బీ కాలు ముందుకు పెట్టింది.

"పలకరింపు."

"నన్ను పిక్క మీద పలకరించింది. రగతం వచ్చిందాకా పలకరించింది. మాకు అంత పరిచయం కూడా లేదు సారూ."

ఆయన నవ్వలేదు. "సూదిమందుకు టెండరు పిలిచితిమి. బిడ్లు తెరువవలసి ఉన్నది."

"ఎప్పుడు తెరుస్తారు?" అన్నాను.

"గడువు పొడిగించితిమి."

"ఆ కుక్కకు పిచ్చి ఉంటే?"

"పిచ్చి ఉన్నట్టు ధ్రువీకరించవలసినది మండలి. మనము మండలిలో లేము. కనుక పిచ్చి ఉన్నట్టు లెక్క కాదు." చెప్పి తల దించుకున్నాడు. బల్ల కింద చేతికి కట్టిన గుడ్డను ఇంకాస్త బిగించుకున్నాడు. ఆయనకూ భయం ఉంది. భయానికి రూలు లేదు, అంతే.

బయటికి వచ్చాక హుస్సేన్‌బీ అరుగు మీద కూర్చుంది. "ఏం చేద్దామన్నా? నాకేదన్నా అయితే బండి ఎవరు చూస్తారు?"

"లే. వంతెన దాటుదాం."

మండలి ఆసుపత్రిలో సూది గది బయట బెంచీ ఉంది. బెంచీ పైన గోడకు ఆ రాయి ఉంది. రాయి కింద ముగ్గురు మగవాళ్ళు తలమీద తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. ఒకాయన వేళ్ళకు ఉంగరాలున్నాయి. ఒకాయన కాళ్ళకు తెల్ల బూట్లున్నాయి. మూడో ఆయన మమ్మల్ని కేంద్రం నుంచి పంపించి, జీపులో మాకంటే ముందు వచ్చాడు. నల్ల అద్దాల కారు ఒకటి, ఆ జీపు, రెండూ చెట్టు నీడన ఉన్నాయి.

నర్సు వచ్చింది. "పేర్లు చెప్పండి."

"పేర్లు వద్దమ్మా" అంది ఉంగరాల తువ్వాలు.

"పేరు లేకుండా ఎట్టా పిలిచేది?"

"ఏదో ఒకటి... తదితరులు అనుకో."

హుస్సేన్‌బీ నా వైపు చూసింది. నేను రాయి వైపు చూశాను. కాసేపటికి నర్సు తలుపు దగ్గరనుంచి, "తదితరులు లోపలికి రండి" అని కేకేసింది. ముగ్గురూ లేచారు. ప్రోటోకాల్ ప్రకారం మేయరు గారు ముందు నడిచారు.

"అమ్మా నర్సమ్మా," అని హుస్సేన్‌బీ వెనకనుంచి అడిగింది, "సూది ఏసినాక వీళ్ళకి చెవి కత్తిరించరా? గుర్తు ఉండాల గదా!"

నర్సు నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. మూడు తువ్వాళ్ళూ చెవుల కిందికి దిగాయి.

హుస్సేన్‌బీకి కూడా సూది వేశారు. తిరిగి వచ్చేసరికి అడ్డకర్ర దగ్గర మంగ కూర్చుని ఉంది. చుట్టూ ఇంకా చాలా కుక్కలున్నాయి.

"సూది ఏయించుకున్నావా అత్తా?" అన్నాడు కోటిలింగం.

"ఏయించుకున్నా. దొంగతనమా దాచుకోడానికి?"

వాడు ఇబ్బందిగా చూశాడు. "అట్టా చెప్తే ఎట్టత్తా? చుట్టాలింటికి పోయొచ్చా అను."

"నాకు ఈదులమడలో చుట్టాల్లేరు. అబద్ధం ఎందుకాడాల?"

"అయితే రానియ్యకూడదే..."

వెనక కారు హారను కొట్టింది. దాని వెనక జీపు. కోటిలింగం కర్ర ఎత్తబోయాడు.

"వాళ్ళూ వేయించుకున్నారు" అన్నాను. "ముగ్గురూ."

కోటిలింగం కారు అద్దం దగ్గర వంగాడు. "నిజమేనా సార్?" అద్దం దిగలేదు. కానీ జీపు తలుపు తెరుచుకుంది. దశరథరామయ్య దిగి నిలబడ్డాడు. ఆయన నిజాయితీపరుడని ముందే చెప్పాను.

"నిజమే" అన్నాడు. "తీర్మానము ప్రకారము మేము ముగ్గురము అనుమతింపబడము. కోటిలింగం, కర్ర ఎత్తవద్దు."

అప్పుడు అద్దం దిగింది. "దశరథరామయ్యా! నీకు మతి పోయిందా?" అన్నారు మేయరు గారు.

"తీర్మానము మీదే సార్."

ఎండ ముదిరింది. కారు కదల్లేదు. కుక్కలు కారు నీడలో పడుకున్నాయి. మధ్యాహ్నానికి కార్పొరేటర్లు నగరం వైపునుంచి ఒక్కొక్కరే కర్ర దాటి వచ్చారు. కారు బానెట్ చుట్టూ నిలబడి అత్యవసర సమావేశం పెట్టారు.

"కార్పొరేటర్లకు మినహాయింపు ఇద్దాం" అన్నాడు బాలకోటయ్య.

"తమరు కార్పొరేటరు కారు" అన్నాడు దశరథరామయ్య. "తమ శ్రీమతిగారు."

"పోనీ, పౌరులు అనే మాట కొట్టేయండి. కుక్కల్ని ఉంచండి" అన్నారు మేయరు గారు.

"మాట కొట్టేయడము సవరణ అగును. సవరణకు ముందస్తు నోటీసు ఇవ్వవలెను. రద్దు చేయుటకు అక్కరలేదు. కుక్కలు, పౌరులు ఒకే వాక్యములో ఉన్నారు. రద్దయినచో, ఇద్దరికీ రద్దు."

మేయరు గారు కర్రను చూశారు. మణికట్టుకు కట్టిన కట్టును చూశారు. చెయ్యెత్తారు. ఏకగ్రీవం.

కోటిలింగం కర్ర ఎత్తాడు. కుక్కలు కారుకు ముందున్నాయి కాబట్టి మేయరు గారి కారు అవి వెళ్ళేదాకా ఆగింది. మంగ అందరికంటే ముందు నడిచింది. నా వైపు చూడలేదు. సందులోకి తిరిగి, అరుగెక్కి, నేను తాళం తీసేదాకా నిలబడింది. తలుపు తెరవగానే లోపలికి చూసింది. కాసేపు చూసి పడుకుంది.

నగరం ఇప్పటికీ మండలిలో లేదు. టెండరు గడువు మళ్ళీ పొడిగించారు. దశరథరామయ్యను ఇంటి పన్నుకే పంపేశారు. అడ్డకర్ర తీసేసినచోట ఒక రాయి పెట్టారు. "స్వేచ్ఛా ప్రవేశ ద్వారము" అని పైన ఉంది. దాని కింద అన్ని అక్షరాలకంటే పెద్ద అక్షరాల్లో మేయరు గారి పేరు, తర్వాత కార్పొరేటర్లందరి పేర్లు, బాలకోటయ్య పేరు ఉన్నాయి. ఆఖరి సూదికి వెళ్ళేటప్పుడు హుస్సేన్‌బీ ఆ రాయి దగ్గర ఆగింది. ఆమెకు చదువు రాదు.

"ఈ కర్ర ఎత్తించింది మనమే గదన్నా. మన పేర్లు ఏసినారా?"

నేను చివరి వరుస మీద వేలు పెట్టాను. "ఇక్కడున్నాం."

"నేనూ ఉన్నానా?"

"ఉన్నావు."

"మంగా?"

"అదీ ఉంది."

ఆమె సంతృప్తిగా తల ఊపి, కొంగు సర్దుకుని నడిచింది. మేయరు గారికి అక్కడ ఉండటం అవమానమైతే నగరాన్నే తీసుకుని బయటికి వచ్చేశారు. మాకు ఆ వరుసలోంచి బయటికి రావడానికి తీర్మానం లేదు. మంగ మా ముందు వంతెన దాటింది. దాని చెవి ఎవరూ చూడలేదు.